కలుపు మందు ఒంటి మీద పడితే: పైకి కనిపించే గాయం వేరు, లోపలికి దిగే విషం వేరు

కలుపు మందు చేతి మీద పడిందనగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘ఏం కాదు, కడుక్కుంటే పోతుంది, ఏళ్ల తరబడి చల్లుతున్నాం’ అనేవాళ్లు కొందరు. ‘చర్మం లోంచి ఒంట్లోకి దిగి ప్రాణం తీస్తుంది’ అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వాళ్లు జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు. చర్మానికి ఏమైంది అనేది ఒక ప్రశ్న. చర్మం దాటి ఎంత లోపలికి పోయింది అనేది మరో ప్రశ్న.

ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. అరచేతి నిండా బొబ్బలు లేచినా రక్తంలోకి దాదాపు ఏమీ చేరకపోవచ్చు. ఒకప్పుడు విరివిగా వాడిన డైనైట్రో రకం కలుపు మందుల్లో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగేది. డీఎన్‌ఓసీ, డైనోసెబ్ లాంటివి పడిన చోట చర్మం మీద పసుపు మరక తప్ప పెద్దగా ఏమీ కనిపించేది కాదు. కానీ అవి చర్మం గుండా సులువుగా దిగిపోయి, కణాలు శక్తిని దాచుకోనీయకుండా అంతా వేడిగా ఖర్చు చేయించేవి. మనిషి చెమటలు కక్కుతూ, ఒళ్లు కాలిపోతూ కుప్పకూలేవాడు. డైనోసెబ్‌ను అమెరికా 1986లో అత్యవసర ఉత్తర్వుతో నిలిపేసింది. గాయం పెద్దదా చిన్నదా అని చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం ఎంత తప్పో ఆ పసుపు మరక చెబుతుంది.

సీసాలో ఉన్నది ఒక్క మందే కాదు

లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు అసలు మందుది, అంటే మొక్కను చంపే రసాయనానిది. దానితో పాటు సీసాలో ద్రావకాలు, నిల్వ ఉంచే పదార్థాలు, రంగులు, ఆకు మీద మందు పరుచుకునేలా చేసే పదార్థాలు ఉంటాయి. ఈ చివరివాటిని సర్ఫాక్టెంట్లు అంటారు. సబ్బు చేసే పనే ఇవీ చేస్తాయి.

గ్లైఫోసేట్‌నే తీసుకుందాం. 1974లో మార్కెట్లోకి వచ్చిన ఈ మందు, మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలు తయారుచేసుకోవడానికి వాడే ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ ఎంజైము మనుషుల్లో లేదు. ‘కాబట్టి మనుషులకు హాని లేదు’ అన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది. మొక్క చచ్చే పద్ధతిలో మనిషికి హాని జరగదన్నంత వరకు అది సరైనదే. చర్మానికి హాని జరిగే దారి మాత్రం వేరు. ఆకు పైన మైనపు పూత ఉంటుంది. దాన్ని దాటించడానికే సర్ఫాక్టెంటు కలుపుతారు. మన చర్మం పైపొర కూడా కొవ్వుతో మూసిన గోడే. ఆకు మైనాన్ని సడలించగల పదార్థం చర్మంలోని కొవ్వునూ సడలిస్తుంది. గ్లైఫోసేట్ మందుల్లో చాలాకాలం వాడిన పీఓఈఏ అనే సర్ఫాక్టెంటు, చర్మాన్నీ కళ్లనూ మండించడంలో గ్లైఫోసేట్ కంటే ఘాటైనది. యూరోపియన్ యూనియన్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో దాన్ని నిషేధించింది.

1980లలో ఇంకో సంగతి బయటపడింది. ఒక గ్లైఫోసేట్ మందు పడిన చర్మం ఎండ తగిలితే మండుతోందని మొదట వైద్యులు రాశారు. తర్వాత తరచి చూస్తే, ఆ పని చేసింది గ్లైఫోసేట్ కాదు, మందు పాడవకుండా కలిపిన బెంజైసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థం. అందుకే ‘నాకు ఫలానా మందు పడదు’ అని ఎవరైనా అన్నప్పుడు, నిజానికి పడనిది ఆ సీసాలోని ఏ పదార్థమో తేల్చడం వైద్యులకు కూడా తేలిక కాదు. అదే అసలు మందు వేరే కంపెనీ సీసాలో వస్తే ఏమీ కాకపోవచ్చు.

చర్మం ఎక్కడ గట్టి గోడ, ఎక్కడ పల్చటి తడిక

చర్మం మనల్ని కాపాడేది ప్రధానంగా తన పైపొరతోనే. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వులు సున్నంలా పేర్చిన ఆ పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లే. వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ కాస్త పొరే బయటి రసాయనాల్లో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది.

అయితే ఒళ్లంతా ఒకేలా ఆపదు. పారాథయాన్ అనే పురుగుమందుతో మనుషుల మీద చేసిన పాత కొలతల్లో, ముంజేతి మీద రాసినదాంట్లో సుమారు 9 శాతం లోపలికి వెళ్లింది. నుదుటి నుంచి 36 శాతం, చంకలో 64 శాతం, వృషణాల చర్మం నుంచి దాదాపు మొత్తం వెళ్లిపోయింది. మందు మారితే అంకెలు మారతాయి కానీ ఈ వరుస పెద్దగా మారదు. గజ్జలు తడిసేలా మందు కారడం, ముంజేయి మీద నాలుగు చుక్కలు పడటం ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

రసాయనాన్ని బట్టి కూడా చొచ్చుకుపోవడం మారుతుంది. కలుపు మందుల్లో, చెదరని చర్మం మీద పారాక్వాట్ దాదాపు 0.3 శాతం, గ్లైఫోసేట్ 1–2 శాతం ప్రాంతంలో, 2,4-డి సుమారు 6 శాతం లోపలికి వెళ్తాయని కొలిచారు. ‘చెదరని చర్మం’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. చెమటకు నాని, పంపు పట్టీ ఒరుసుకుని, ముల్లు గీసుకుని, ఇదివరకటి మంటతో పగిలి ఉన్న చర్మం ప్రయోగశాలలో కొలిచిన చర్మం కాదు.

దద్దుర్లన్నీ ఒకటి కావు

పైకి అన్నీ ఎర్రబడి దురదపెడతాయి. లోపల జరిగేది మాత్రం వేరు.

ఎక్కువమందికి వచ్చేది రాపిడి లాంటి రసాయన మంట. చర్మాన్ని మందు నేరుగా గాయపరుస్తుంది. తగినంత గాఢత, తగినంత సేపు ఉంటే ఎవరికైనా వస్తుంది, మొదటిసారే వస్తుంది. ఇది ముదిరితే కాలిన గాయమవుతుంది. కణాలు చచ్చి, బొబ్బలు లేచి, పుండు పడుతుంది.

అలర్జీ సంగతి వేరు. అందులో గాయం చేసేది మందు కాదు, మన రోగనిరోధక వ్యవస్థ. మొదటిసారి తగిలినప్పుడు అది శత్రువును గుర్తుపెట్టుకుంటుంది, అందుకు పది రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా, చాలా తక్కువ తగిలినా, ఒకటి రెండు రోజుల్లో విరుచుకుపడుతుంది. అలాక్లోర్, బ్యూటాక్లోర్ లాంటి మందులకు ఇలా అలర్జీ పుట్టించే గుణం ఉంది.

ఒకే డబ్బాలోని మందు వాడిన ఇద్దరిని ఊహించుకోండి. ఒకరికి మూత తీస్తుంటే చిక్కటి మందు మణికట్టు మీద ఒలికింది. గంటలో మంట మొదలైంది, మందు పారిన దారి వెంటే గీత గీసినట్టు ఎర్రబడింది, వారంలో మానింది. రెండో మనిషి మూడేళ్లుగా అదే మందు చల్లుతున్నాడు, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి చల్లిన రెండో రోజు రాత్రి దురద మొదలై, చేతుల నుంచి మెడకు, కనురెప్పలకు పాకింది. మొదటిది మంట, రెండోది అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ‘మూడేళ్లుగా ఏమీ కాలేదు’ అన్న మాట మొదటి రకం గాయం విషయంలో కొంత ధైర్యం ఇస్తుంది. రెండో రకంలో ఆ మూడేళ్లే అలర్జీకి పునాది వేసి ఉండవచ్చు.

తేల్చుకోవడానికి ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానం ఉన్న పదార్థాన్ని బాగా పలచన చేసి వీపు మీద 48 గంటలు అంటించి ఉంచి, తీశాక ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మరోసారి చూస్తారు. కలుపు మందులతో ఇక్కడొక ఇబ్బంది ఉంది. పలచన చాలకపోతే ఆ మందే చర్మాన్ని మండించి, లేని అలర్జీని ఉన్నట్టు చూపిస్తుంది.

అసలు దోషి మందు కాకుండా కలుపే అయిన సందర్భాలూ తక్కువ కాదు. వయ్యారిభామ మొక్కలోని రసాయనాలు తీవ్రమైన అలర్జీ పుట్టిస్తాయి. ఆ మొక్క ఎండిన ధూళి గాలిలో ఎగిరి మొహం, మెడ, కనురెప్పల మీద దద్దుర్లు తెస్తుంది. వయ్యారిభామ మీద మందు చల్లిన మనిషికి దద్దుర్లు వస్తే, మందును నిందించే ముందు మొక్కను కూడా అనుమానించాల్సిందే.

క్లోరాక్నే అనేది వీటన్నిటికీ దూరంగా నిలబడే జబ్బు. కళ్ల పక్కన, బుగ్గల మీద, చెవుల వెనక మొండి మొటిమల్లాంటి గడ్డలు లేచి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. 2,4,5-టి అనే పాత కలుపు మందు తయారీలో డయాక్సిన్ అనే మలినం పుట్టేది. 1949లో అమెరికాలోని నైట్రో పట్టణంలో ఆ మందు కర్మాగార ప్రమాదం తర్వాత కార్మికులకు, 1976లో ఇటలీలోని సెవెసో రసాయన ప్రమాదం తర్వాత పిల్లలకు ఇది వచ్చింది. ఇది డయాక్సిన్ ఒంట్లోకి చేరిందనడానికి గుర్తు. మామూలు కలుపు మందు చుక్క పడితే వచ్చేది కాదు.

పారాక్వాట్: ఒక చెంచా మందుతో లెక్క

1962లో అమ్మకానికి వచ్చిన పారాక్వాట్ చుట్టూ ఉన్న భయం ఊరికే పుట్టలేదు. దీనికి విరుగుడు లేదు. రక్తంలోకి చేరాక ఊపిరితిత్తుల కణాలు దీన్ని తమకు కావలసిన పదార్థమని పొరబడి లోపలికి లాక్కుంటాయి. అక్కడ ఇది ఆక్సిజన్‌తో పదేపదే చర్య జరుపుతూ కణాలను చంపుతుంది, ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆయాసపడే మనిషికి మామూలుగా ప్రాణవాయువు పెట్టడం మేలు చేస్తుంది. ఇక్కడ అది నిప్పుకు గాలి ఊదినట్టవుతుంది కాబట్టి, తప్పనిసరైతే తప్ప పెట్టకుండా చూస్తారు. చావులు ఎక్కువగా మింగడం వల్లే. మరి చర్మం మీద పడితే?

24 శాతం మందు అంటే లీటరులో 240 గ్రాముల పారాక్వాట్. 5 మిల్లీలీటర్లలో, అంటే ఒక చెంచాడులో, 1.2 గ్రాములుంటుంది. 60 కిలోల మనిషి దాన్ని మింగితే కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. ప్రాణాపాయం మొదలయ్యే స్థాయి అది. అదే చెంచాడు చెదరని చర్మం మీద పడి అలాగే ఉండిపోతే, 0.3 శాతం లెక్కన లోపలికి చేరేది 3.6 మిల్లీగ్రాములు, కిలోకు 0.06. మింగినప్పుడు కూడా కొంత భాగమే రక్తంలోకి చేరుతుంది కనుక, ‘చర్మం మీద పడితే 300 రెట్లు తక్కువ’ అనేయకూడదు. తేడా మాత్రం చాలా పెద్దది. ‘కడుక్కుంటే పోతుంది’ అనేవారి అనుభవానికి ఆధారం ఇదే.

ఈ లెక్కకు ఒక లోపం ఉంది. పారాక్వాట్ గాఢంగా ఉన్నప్పుడు చర్మాన్ని తినేస్తుంది. మొదట నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, ఎరుపు, బొబ్బలు, పుండు గంటలు, రోజుల తర్వాత బయటపడవచ్చు. అప్పటికి గోడ కూలిపోయింది, 0.3 శాతం అన్న అంకెకు ఇక అర్థం లేదు. తన దారిని తానే తవ్వుకునే మందు ఇది. ఎక్కువసేపు చర్మానికి అంటుకుని ఉండి, చర్మం పుండుపడి, ఆ దారిన విషం ఎక్కి మనుషులు చనిపోయిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. వాటిలో కారుతున్న వీపు పంపులు పదేపదే కనిపిస్తాయి.

పలచన మందు, కారే పంపు: ఎక్కువ భయపడాల్సింది దేనికి?

నీళ్లలో కలిపాక మందు ప్రమాదం తగ్గుతుందనుకోవడం సహజం. లెక్క చూద్దాం. 15 లీటర్ల ట్యాంకులో 100 మిల్లీలీటర్ల పారాక్వాట్ కలిపారనుకోండి. లీటరుకు 1.6 గ్రాములు, అంటే 0.16 శాతం. సీసాలోని మందు కంటే 150 రెట్లు పలచన. ట్యాంకు అడుగున సీలు పాడై నిమిషానికి 2 మిల్లీలీటర్లు కారుతోందనుకుందాం. చల్లేవాళ్లకు అది చెమటలాగే అనిపిస్తుంది. మూడు గంటల్లో 360 మిల్లీలీటర్లు చొక్కాలోకి దిగుతాయి. అందులో పారాక్వాట్ 576 మిల్లీగ్రాములు. ఇందాకటి చెంచాడు చిక్కటి మందులో దాదాపు సగం.

అంకెల్లో సగమే, కానీ పరిస్థితి అన్ని విధాలా అధ్వానం. చెంచాడు చిక్కటి మందు ఒలికితే కంటికి కనిపిస్తుంది, నిమిషంలో నీళ్ల కింద పెడతారు. ఇది మూడు గంటలు తడిబట్ట కింద ఉంది. తడి గుడ్డ కట్టు కట్టినట్టు చర్మాన్ని నానబెడుతుంది. ట్యాంకు ఒరుసుకునే నడుమే తడుస్తోంది, అక్కడి నుంచి గజ్జల్లోకి, వృషణాల మీదికి కారుతోంది. సాయంత్రం అదే బట్టలతో ఇంటికి వస్తే గంటలు పెరుగుతాయి. పెద్ద ప్రమాదం సీసా ఒలికిన క్షణంలో ఉందని అందరం అనుకుంటాం. ఎవరూ ప్రమాదంగా లెక్కపెట్టని తడి చొక్కాలోనే అది ఎక్కువసార్లు దాగి ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలియాలని నాకు ఎంతో ఆరాటం.

చేతి తొడుగుల విషయంలోనూ ఇదే సూత్రం. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగు మందును ఆపుతుంది. నూలు తొడుగో తోలు తొడుగో మందును పీల్చి చేతికి అంటించి ఉంచుతుంది. లోపలికి మందు దిగిన నైట్రైల్ తొడుగు కూడా తడి కట్టుగా మారిపోతుంది.

గోరు మీద రాసి ఉండే తేదీ

పారాక్వాట్, దానికి దగ్గరి చుట్టమైన డైక్వాట్ అనే కలుపు మందు గోళ్ల మీద వదిలే గుర్తు వైద్యులకు బాగా తెలుసు. మూత తిప్పే వేళ్లకు, నాజిల్ శుభ్రం చేసే వేళ్లకు తెల్లటి లేదా పసుపు పట్టీలు పడతాయి, అడ్డంగా గాడి ఏర్పడుతుంది, ఒక్కోసారి గోరే ఊడిపోతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడి గోరు మొదలు నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, గోరు పుట్టే చోట దెబ్బ తగిలి రెండు నెలలు దాటిందన్న మాట. మందు తగలడం ఆగిపోతే మామూలుగా కొత్త గోరు బాగానే వస్తుంది, పూర్తిగా రావడానికి ఆరు నెలల దాకా పడుతుంది.

‘సహజమైన’ మందుల సంగతి

వంటింటి వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం ప్రాంతంలో ఉంటుంది. కలుపు చంపడానికి అమ్మే వెనిగర్‌లో 20 శాతమో, ఇంకా ఎక్కువో ఉంటుంది. ఆ గాఢతలో అది చర్మాన్ని కాల్చగలదు, కంటిలో పడితే శాశ్వతంగా చూపు పోగొట్టగలదు. సహజం అన్న మాట చూసి తొడుగులు, కళ్లద్దాలు తీసేయడం నన్ను ఎంతో కలవరపెడుతుంది. ఒక విషయంలో మాత్రం సహజ మందుల పక్షం వాదనను ఒప్పుకోవాలి: ఎసిటిక్ ఆమ్లం చర్మం దాటి వెళ్లి వారాల తర్వాత ఊపిరితిత్తులను గట్టిపరచదు. చర్మానికి ఏమైంది అన్న మొదటి ప్రశ్నకు జవాబు చెడ్డది, లోపలికి ఎంత పోయింది అన్న రెండో ప్రశ్నకు జవాబు మంచిది.

నీళ్లే ఎందుకు, విరుగుడు ఎందుకు కాదు

ఆమ్లం పడితే సోడా, క్షారం పడితే నిమ్మరసం అన్న ఆలోచన తర్కంగా కనిపిస్తుంది. రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది, గాయపడిన చర్మం మీద అది ఇంకో దెబ్బ. పైగా విరుగుడు వెతికే నిమిషాలు వృథా. పారే నీళ్లు మందును పలచన చేస్తాయి, కడిగేస్తాయి, చర్మాన్ని చల్లబరుస్తాయి. చర్మానికైనా కంటికైనా 15–20 నిమిషాలు అని చెప్పడం వెనక కారణం, మందు పైపొర సందుల్లో ఇరుక్కుని నెమ్మదిగా బయటికి రావడం. బట్టలు ముందు తీసేయమనేది కూడా ఇందుకే: తడి బట్ట ఉన్నంతసేపూ పైనుంచి నీళ్లు పోస్తున్నా కింద మందు ఊరుతూనే ఉంటుంది. నూనె, పసుపు, పూతమందు రాస్తే మిగిలిన మందు మీద మూత పెట్టినట్టే. గట్టిగా రుద్దితే ఆ 10–20 మైక్రాన్ల గోడను మన చేత్తోనే గీకేసినట్టు.

నిషేధాల వాదనలు చర్మం గురించి ఏం చెబుతాయి

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. యూరప్, అమెరికా నియంత్రణ సంస్థలు ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. యూరోపియన్ యూనియన్ 2023లో దాని అనుమతిని మరో పదేళ్లు పొడిగించింది. ఈ తగవులో ఒక పక్షం అడిగేది ‘హాని చేయగల గుణం ఉందా’ అని, మరో పక్షం అడిగేది ‘మనుషులకు నిజంగా తగిలే మోతాదులో హాని ఎంత’ అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ నిన్న చేతి మీద లేచిన దద్దురు గురించి ఈ వాదన ఏమీ చెప్పదు.

పారాక్వాట్ తగవు చర్మానికి దగ్గరగా ఉంటుంది. యూరోపియన్ న్యాయస్థానం 2007లో దాని అనుమతిని రద్దు చేసింది. అమెరికాలో శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాళ్లే వాడాలి. ఉండాలనేవారు, సరైన దుస్తులు, కారని పంపు ఉంటే చెదరని చర్మం దీన్ని దాదాపు ఆపేస్తుందని చూపిస్తారు, కొలతలు వాళ్ల పక్షానే ఉన్నాయి. వద్దనేవారు, మండుటెండలో ఒళ్లంతా కప్పుకుని చల్లేవాళ్లు ఎంతమంది, ఒక్క సీలు కూడా పాడవని పంపులు ఎన్ని అని అడుగుతారు. నాకు వద్దనేవారి ప్రశ్నే బరువైనదిగా తోస్తుంది, ఎందుకంటే గాయాలు నమోదైనవి పొలాల్లో, కొలతలు తీసినవి ప్రయోగశాలల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ విషతీవ్రత పట్టికలో పారాక్వాట్ ‘ఒక మోస్తరు ప్రమాదకర’ రెండో తరగతిలోనే ఉండటం చాలామందిని తికమకపెడుతుంది. ఆ పట్టిక ప్రధానంగా ఎలుకల్లో ప్రాణం తీసే మోతాదును బట్టి కట్టింది. విరుగుడు ఉందా లేదా, చర్మాన్ని తింటుందా లేదా అన్నవి ఆ తరగతి అంకెలో కనిపించవు.

లోపలికి ఎంత పోయింది అన్న ప్రశ్నకు జవాబు ఎలా దొరుకుతుంది

చర్మం మీది గాయాన్ని చూసి లోపలికి ఎంత వెళ్లిందో చెప్పలేమని తెలిసిన వైద్యులు పుండు కంటే ముందు వివరాలు అడుగుతారు. ఏ మందు, చిక్కటిదా కలిపినదా, ఎంతసేపు ఉంది, ఒంట్లో ఎక్కడ పడింది, అక్కడ ముందే గాయం ఉందా. మందు డబ్బానో దాని లేబులో వెంట తెస్తే ఏ మందన్నది అక్కడే తేలిపోతుంది. పారాక్వాట్ అయితే ఒక పాత, చవకైన పరీక్ష ఉంది. మూత్రంలో క్షారం, సోడియం డైథయోనైట్ కలుపుతారు. పారాక్వాట్ ఉంటే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదురైతే విషం అంత ఎక్కువ. చర్మం దారిన విషం నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి మొదటిసారి రంగు రాకపోయినా, పుండు పెద్దదైతే మళ్లీ చూస్తారు, ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ రోజుల తరబడి గమనిస్తారు.